శనివారానికి వారెంటు లేదు: తెలుగు రాష్ట్రాల ఎంపీలకు ఒక తండ్రి బహిరంగ లేఖ

గౌరవనీయులైన పార్లమెంటు సభ్యులకు నమస్కారం.

లోక్‌సభలో ఆంధ్రప్రదేశ్ నుంచి 25 మంది, తెలంగాణ నుంచి 17 మంది. రాజ్యసభలో అక్కడి నుంచి 11 మంది, ఇక్కడి నుంచి ఏడుగురు. మొత్తం 60 మంది. పార్టీ ఏదైనా ఈ ఉత్తరం మీ అందరికీ. అరవై కవర్లు కొని పోస్టు చేద్దామనే మొదట అనుకున్నాను. చేసినా అవి మీ పీఏల బల్ల దాటవని మా హెడ్మాస్టరు గారు అన్నారు, అందుకే ఇలా నలుగురిలో రాస్తున్నాను.

నేను ఖమ్మం జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల టీచర్ని. నాకు ఎనిమిదిన్నరేళ్ల కూతురు ఉంది. నాలుగేళ్లుగా వాళ్ళమ్మతో హైదరాబాదులో ఉంటోంది. మా ఇద్దరికీ ఎందుకు చెడిందో ఇక్కడ రాయను. అదంతా కోర్టు ఫైల్లో ఉంది, అక్కడే ఉండనివ్వండి. నా మీద వరకట్నం కేసు లేదు. పాపను ఆమె సరిగ్గా చూసుకోవడం లేదని నేను ఎక్కడా అనలేదు, ఇప్పుడూ అనను. నాకు తెలిసిన విద్య లెక్కలే కాబట్టి ఒక లెక్క చెప్పి, దాని మీద మీరేం చేయగలరో అడుగుతాను.

పాపను చూడటానికి కోర్టు నాకిచ్చిన ఆర్డర్ ఇలా ఉంది. నెలలో మొదటి, మూడో శనివారాలు, పొద్దున పదకొండు నుంచి ఒంటిగంట వరకు, కోర్టు ఆవరణలో ఉన్న పిల్లల గదిలో, కోర్టు పనిదినాల్లో మాత్రమే. ఈ చివరి మాట ఆర్డర్ చదివిన రోజు నాకు పట్టలేదు. మే నెల వచ్చాక తెలిసింది. పాపకు వేసవి సెలవులు, నాకూ సెలవులు, కోర్టుకూ సెలవులే. దసరాకు అంతే, సంక్రాంతికి అంతే. ముగ్గురికీ తీరిక దొరికిన రోజుల్లోనే నాకు పాపను చూసే వీల్లేదు. మిగిలిన శనివారాలు మాకు బడి ఉంటుంది. టీచర్లకు ఏడాదికి మామూలు సెలవులు 15, ప్రత్యేక సెలవులు ఏడు, కలిపి 22. అందులో సగానికి పైగా ఈ శనివారాలకే పోతాయి. జ్వరం వస్తే బడికి వెళ్ళే పాఠం చెబుతాను, సెలవు దాచుకోవాలి కదా.

తెల్లవారుజామున నాలుగింటి బస్సు ఎక్కితే తొమ్మిది దాటాక మహాత్మాగాంధీ బస్‌స్టేషన్లో దిగుతాను. అక్కడి నుంచి సిటీ బస్సు. గదిలో ఒక ప్లాస్టిక్ జారుడుబల్ల, గోడ మీద రంగు వెలిసిన జిరాఫీ, మూలన ఒక చక్రం ఊడిన కారు. పదకొండుకు వెళ్ళి కూర్చుంటాను. కొన్నిసార్లు పాప వస్తుంది. కొన్నిసార్లు రాదు. రానప్పుడు ఎవరూ ఫోన్ చేసి చెప్పరు, ఒంటిగంట కొట్టేదాకా గుమ్మం వైపు చూస్తూ కూర్చోవడమే.

ఆర్డర్ వచ్చి 31 నెలలైంది. నా డైరీలో అన్నీ తేదీలతో సహా ఉన్నాయి. కోర్టు సెలవులు తీసేస్తే రావాల్సినవి 53 శనివారాలు. పాప వచ్చినవి 23. రాని 30లో జ్వరమన్నవి తొమ్మిది, పరీక్షలన్నవి ఏడు, పాప రానంటోందన్నవి ఆరు, బంధువుల ఇళ్ళల్లో శుభకార్యాలు నాలుగు, ఏ కారణమూ చెప్పనివి నాలుగు. వచ్చిన 23ను రెండు గంటలతో హెచ్చిస్తే 46 గంటలు. రెండున్నరేళ్లకు పైగా గడిస్తే నా కూతురితో నేను గడిపింది నిండా రెండు రోజులు కాదు. ఆలస్యంగా వచ్చిన నిమిషాలు తీసేయలేదు, తీస్తే ఇంకా తగ్గుతుంది.

ఇప్పుడు రెండో లెక్క.

పాప పోషణకు నెలకు 12 వేలు కట్టమన్నారు, కడుతున్నాను. మధ్యలో ఒకసారి నాకు బదిలీ అయింది. పాత మండలం నుంచి ఎల్పీసీ, అంటే చివరి జీతం సర్టిఫికెట్, రాక కొత్తచోట జీతం బిల్లు కాలేదు. టీచర్లను అడగండి, ఇది ఎంత మామూలు సంగతో చెబుతారు. రెండు నెలలు కట్టలేకపోయాను. మూడో నెలలో నోటీసు, ఆ తర్వాత వారెంటు. కానిస్టేబుల్ బడికి వచ్చాడు. ఎనిమిదో తరగతికి త్రిభుజాలు చెబుతున్నాను అప్పుడు. మంచివాడు, పిల్లల ముందు ఏమీ అనలేదు, "సార్, ఒకసారి బయటికి రండి" అన్నాడంతే. ఆ సాయంత్రమే అప్పు చేసి కట్టేశాను.

దీని మీద నాకు ఫిర్యాదు లేదు. బిడ్డ తిండికి జీతం బిల్లుతో పనేముంది? డబ్బు ఎగ్గొట్టే తండ్రులు మన ఊళ్ళల్లో కొల్లలుగా ఉన్నారు, వాళ్ళ కోసం వారెంటు ఉండాల్సిందే. నేనడిగేది ఒక్కటే. రెండు నెలల బాకీకి ఇంత చురుగ్గా కదిలిన చట్టం ముప్పై శనివారాల బాకీకి ఎందుకు కదలదు?

కదలకపోవడానికి కారణం జడ్జిగారి మనసు కాదు, మీరూ మీ ముందువాళ్ళూ రాసిన చట్టమే అలా ఉంది. హిందూ వివాహ చట్టం 26వ సెక్షన్ తీయండి. పిల్లల కస్టడీ, పోషణ, చదువు, మూడూ అందులోనే ఉన్నాయి. 2001లో పార్లమెంటు దానికి ఒక షరతు చేర్చింది: కేసు నడుస్తుండగా పిల్లల పోషణ, చదువుల మీద అర్జీ వస్తే, అవతలి వాళ్ళకు నోటీసు అందిన 60 రోజుల్లో వీలైనంత వరకు తేల్చాలని. పోషణ, చదువు అన్నారు. కస్టడీ అన్న మాట పైన సెక్షన్లో ఉంది, కింద ఈ షరతులో లేదు. బిడ్డను చూపించమనే అర్జీ సంగతీ లేదు. భార్యాభర్తల మధ్యంతర మనోవర్తికి 24వ సెక్షన్లోనూ 60 రోజులే. భార్యాపిల్లల పోషణ గురించి చెప్పే పాత నేర విచారణ చట్టం, అదే సీఆర్‌పీసీ, 125వ సెక్షన్‌కీ అంతే, దాని స్థానంలో వచ్చిన కొత్త నాగరిక్ సురక్షా సంహిత 144కీ అంతే. డబ్బుకు మూడుచోట్ల గడువు రాశారు. బిడ్డను చూడటానికి ఒక్కచోటా రాయలేదు. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టంలో మధ్యంతర ఉత్తర్వులు ఇవ్వచ్చని ఉంది, ఎన్నాళ్ళలో అన్నది లేదు. అది తెల్లదొరల కాలంనాటి చట్టం, వాళ్ళను ఏమనగలం?

పాపను చూడనివ్వమని నేను వేసిన మధ్యంతర అర్జీ, కోర్టు భాషలో విజిటేషన్ ఐ.ఏ., తేలడానికి 14 నెలలు పట్టింది. "కౌంటర్ కోసం", అంటే అవతలివాళ్ళ జవాబు కోసం, పడ్డ వాయిదాలు అయిదు. జడ్జిగారు సెలవులో ఉన్నవి రెండు. అవతలి లాయరుగారికి వేరే కోర్టులో పని పడినవి మూడు. ఒకసారి మా లాయరుగారే రాలేదు, అబద్ధమెందుకు. ఆ 14 నెలల్లో నేను పాపను చూసింది సున్నా.

ఇంకో తేడా చూడండి. 2020 నవంబర్‌లో సుప్రీంకోర్టు మనోవర్తి మీద వివరమైన తీర్పు ఇచ్చింది. ఇద్దరూ ఆదాయాలు, ఆస్తులు, అప్పులు చెబుతూ అఫిడవిట్ వేయాలంది, దానికి నమూనా జతచేసి దేశమంతా ఒకే పద్ధతి పెట్టింది. మనోవర్తిని అర్జీ వేసిన తేదీ నుంచే లెక్కగట్టాలంది. న్యాయమైన మాట. కోర్టు ఆలస్యం చేస్తే ఆ నష్టం ఆకలితో ఉన్నవాళ్ళ మీద ఎందుకు పడాలి? ఆ తర్కమే నా అర్జీకి పెట్టి చూడండి. ఆ 14 నెలలు ఎవరి ఖాతాలో పడ్డాయి? కట్టని రూపాయి బాకీ కింద నిలిచి ఉంటుంది, ప్రతి నెల బాకీకి నెల వరకు జైలు కూడా ఉంది. రాని శనివారం మాత్రం బాకీ కాదు. ఒంటిగంట కొట్టగానే మాఫీ అయిపోతుంది.

దారులు అసలే లేవని నేననడం లేదు. ఆర్డర్ అమలు చేయించమని ఈ.పి. వేయచ్చు, కోర్టు ధిక్కారం కింద వెళ్ళచ్చు. నేనూ ఒక అర్జీ వేశాను. మొదటి వాయిదా మూడు నెలలకు పడింది. ఆ మూడు నెలల్లో మరో మూడు శనివారాలు పోయాయి. మీరే చెప్పండి, ఈ పరుగులో గెలిచేదెవరు?

ఇక అయిదేళ్ల సంగతి. 1956 నాటి హిందూ మైనారిటీ అండ్ గార్డియన్‌షిప్ చట్టం ఆరో సెక్షన్ చదివితే మా మగవాళ్ళకు కిరీటం పెట్టినట్టు ఉంటుంది. పెళ్లి అయిన దంపతుల బిడ్డకు సహజ సంరక్షకుడు తండ్రి, ఆయన తర్వాత తల్లి. అదే వాక్యం కింద ఒక షరతు, అయిదేళ్లు నిండని బిడ్డ కస్టడీ సాధారణంగా తల్లికే అని. 1999లో గీతా హరిహరన్ కేసులో సుప్రీంకోర్టు ఆ "తర్వాత" అన్న మాటకు తండ్రి చచ్చాక అని అర్థం కాదు, తండ్రి అందుబాటులో లేనప్పుడు అని చెప్పి తల్లుల పరువు కొంత నిలబెట్టింది. అయినా అచ్చులో పాత మాటే ఉంది. ఈ సెక్షన్ తల్లికి ఒక అవమానం, తండ్రికి ఒక అవమానం, రెండూ కలిపి చేసింది. సంతకం పెట్టే హక్కు నాన్నది, స్నానం చేయించే పని అమ్మది అంటోంది. కిరీటం నాకెందుకండీ? ఆదివారం పూట పాప తలకు నూనె రాసే పని చాలు.

మేం విడిపోయేనాటికి పాపకు నాలుగేళ్ల ఏడు నెలలు. మొదటి వాయిదాలో అవతలి లాయరుగారు అయిదేళ్ల షరతు చదివారు. సరే, చట్టం ఉంది. ఐ.ఏ. తేలేసరికి పాపకు ఆరేళ్లు. అప్పుడు వాదన మారింది: "ఇన్నాళ్ళూ తల్లి దగ్గరే అలవాటు పడింది, ఇప్పుడు కదిలిస్తే బిడ్డ మనసు చెదురుతుంది." ఇది తప్పుడు మాట కూడా కాదు, పిల్లలతో పనిచేసే నాకు ఆ సంగతి తెలుసు. కానీ అలవాటు పడటానికి కావలసిన కాలాన్ని ఇచ్చింది ఆ వాయిదాలే కదా. ముందు ఆలస్యం, ఆ తర్వాత ఆ ఆలస్యమే సాక్ష్యం.

ట్రయల్లో అవతలి లాయరుగారు నన్ను క్రాస్ ఎగ్జామినేషన్ చేశారు. ఆ పూట జరిగింది దాచకుండా చెబుతాను, ఎందుకంటే ఈ ఉత్తరంలో నా మీద నేను వేసుకోవాల్సిన మార్కులు కూడా ఉన్నాయి. "పాపకు తట్టు టీకా ఎప్పుడు వేయించారు?" తెలియదన్నాను. "ఎల్‌కేజీలో క్లాస్ టీచర్ పేరు?" గుర్తులేదన్నాను. "పాప చెప్పుల సైజు?" మౌనంగా నిలబడ్డాను. రోజూ నలభైమంది పిల్లల హాజరు తీసుకునేవాడిని, నా బిడ్డ కాలి కొలత నాకు తెలియదు. మేం కలిసి ఉన్న రోజుల్లో నేను జీతం తెచ్చే నాన్ననే. ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టేవాణ్ణి. రాత్రి పాప ఏడిస్తే పక్కకు తిరిగి పడుకునేవాణ్ణి. మా నాన్నా అంతే, ఆయన నాన్నా అంతే. కోర్టుల్లో తండ్రికి ఉన్న చిన్నచూపు ఊరికే రాలేదు, మాలాంటివాళ్ళం తరాల తరబడి కష్టపడి సంపాదించాం.

అది ఒప్పుకుంటూనే ఇంకో మాట. కౌన్సెలింగ్‌లో ఒక మేడమ్ గారు నన్నడిగారు, "మీరు డ్యూటీకి పోతే పాపను ఎవరు చూస్తారు?" అని. మా అమ్మ చూస్తుందన్నాను. కాగితం మీద ఏదో రాసుకున్నారు. పాప వాళ్ళమ్మ ప్రైవేటు కంపెనీలో పనిచేస్తుంది, పొద్దున తొమ్మిదికి వెళ్తే రాత్రి ఏడున్నరకు ఇల్లు చేరుతుంది. పాపను బడి నుంచి తెచ్చి అన్నం పెట్టేది అమ్మమ్మ. పాప వాళ్ళమ్మను ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. అడగాలని నేనూ కోరుకోను, ఉద్యోగం చేసుకునే ఆడపిల్లను అలా అడగడం తప్పు. కానీ అమ్మమ్మ చూస్తే అది అమ్మ పెంపకం, నాయనమ్మ చూస్తే "ఎవరు చూస్తారు?". పక్షపాతం ఎక్కడుందో చూపించమంటే నేను సెక్షన్లు చూపించను, ఈ ఒక్క ప్రశ్న చూపిస్తాను. ఆ 1956 నాటి గార్డియన్‌షిప్ చట్టంలో 13వ సెక్షన్ ఆడ, మగ అనదు, బిడ్డ క్షేమమే అన్నిటికన్నా ముఖ్యమంటుంది. ఆ క్షేమాన్ని కొలిచే మనిషి మనసులో మాత్రం అమ్మ వంటింట్లో, నాన్న ఆఫీసులో ఉంటారు.

బడి కూడా తక్కువేం కాదు. పాప చదివే స్కూలుకు వెళ్ళి మార్కులు అడిగితే "మేడమ్ గారి పర్మిషన్ కావాలి సార్" అన్నారు. నేను గార్డియన్‌నే అన్నాను. అడ్మిషన్ ఫారంలో ఆ గడి ఖాళీగా ఉందన్నారు. సహజ సంరక్షకుడని పార్లమెంటు రాసింది, స్కూలు గుమస్తా కొట్టేశాడు.

"పాప రానంటోంది" అన్న ఆరు శనివారాల గురించి. దీనికి ఇంగ్లీషులో ఒక పెద్ద పేరుంది, పేరెంటల్ ఏలియనేషన్ అంటారు, ఒకరు బిడ్డ మనసును రెండోవాళ్ళ మీద విరిచేయడం. 2017లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో దాని గురించి మాట్లాడింది. 2024 మేలో మరో తీర్పులో మాత్రం, తొందరపడి ఆ ముద్ర వేయొద్దు, నిజంగా ఎవరేం చేశారో చూడండి అని హెచ్చరించింది. విశేషమేమంటే ఆ రెండో కేసులో పిల్లలు ఉన్నది తండ్రి దగ్గర, ఆ నింద మోసింది ఆయనే. నాలాంటి తండ్రులు కొందరు ఈ మాటను గన్నులా పట్టుకు తిరుగుతారు. నేను వాడను. పోయిన నెల పాపే చెప్పింది, శనివారం పొద్దున తనకు డాన్స్ క్లాస్ ఉంటుందట, నా దగ్గరికి వస్తే అది పోతుందట. "డాడీ, నువ్వు సండే రావచ్చు కదా?" అంది. ఎనిమిదేళ్ల పిల్లకు, పోలీసులు తిరిగే ఆవరణలో చక్రం ఊడిన కారు ఉన్న గదికి రావాలని ఎందుకుంటుంది? దానికి ఎవరూ ఏమీ నూరిపోయక్కర్లేదు. ఆదివారం కోర్టు ఉండదమ్మా అని చెప్పడానికి నాకే నోరు రాలేదు.

2020 జనవరిలో సుప్రీంకోర్టు ఇంకో మాట కూడా చెప్పింది. బిడ్డ దగ్గర లేని తల్లికో తండ్రికో, ప్రత్యేక కారణాలేవీ లేకపోతే, రోజూ అయిదు పది నిమిషాలు ఫోన్లోనో వీడియో కాల్లోనో బిడ్డతో మాట్లాడే హక్కు ఉండాలని. అది చదివి నేను వెంటనే అర్జీ పెట్టాను. ఇంకా నడుస్తోంది. ఖమ్మం నుంచి హైదరాబాదుకు కాల్ కలవడానికి రెండు సెకన్లు చాలు. అర్జీకి మాత్రం కోర్టులో పిలిచే కాల్ నంబరే రావడం లేదు.

ఆ పిల్లల గదిలో మేం తండ్రులం పదిమంది ఉంటే తల్లులు ఒకరిద్దరు ఉంటారు. ఒకావిడ కొడుకును అత్తగారి వాళ్ళు అట్టే పెట్టుకున్నారు. మగబిడ్డ కదా, వంశం అంటారు. డబ్బాలో నువ్వుల లడ్డూలు పెట్టుకొని వస్తుంది. వాళ్ళూ నాలాగే ఒంటిగంట దాకా గుమ్మం చూస్తారు. ఒకసారి ఇద్దరి పిల్లలూ రాలేదు. ఆ లడ్డూలు మేమిద్దరం, బెంచీ మీద ఉన్న అటెండరు కలిసి తిన్నాం. నేనడుగుతున్న మార్పు ఆవిడకూ కావాలి. అందుకే మగవాళ్ళ హక్కులంటూ వాట్సాప్‌లో ఆడవాళ్ళను బూతులు తిట్టే సోదరులకు ఒక మనవి, ఈ ఉత్తరాన్ని మీ గ్రూపుల్లో అందుకు వాడకండి. కొట్టే భర్త నుంచి బిడ్డను తీసుకొని పారిపోయిన తల్లి ఉంటుంది. ఆమెను శనివారం శనివారం ఆ భర్త ఎదుట నిలబెట్టాలని నేనడగడం లేదు. అలాంటిచోట జడ్జి విచారించి, కారణం రాసి, కలవడం ఆపేయాలి. కారణం రాసి ఆపడం వేరు, ఏ కారణమూ లేకుండా వాయిదాల్లో ఆరిపోనివ్వడం వేరు.

సగం సగం పంచమనీ నేనడగడం లేదు. ఆస్ట్రేలియా 2006లో తల్లిదండ్రులిద్దరికీ సమాన బాధ్యత ఉందని కోర్టులు ముందే అనుకోవాలని చట్టం చేసింది. దాన్ని జనం సమాన కాలమని అపార్థం చేసుకున్నారు, గొడవలు పెరిగాయి, చివరికి 2023లో ఆ నియమాన్నే తీసేశారు. మన లా కమిషన్ 2015 మేలో ఇచ్చిన 257వ నివేదిక ఆ పొరపాటు చేయలేదు. జస్టిస్ ఏ.పి. షా అధ్యక్షుడిగా ఉన్న ఆ కమిషన్, ఉమ్మడి కస్టడీని తప్పనిసరి చేయకుండా, బిడ్డకు మంచిదనిపిస్తే జడ్జి ఇవ్వగలిగేలా చట్టంలో రాయమంది. తల్లినీ తండ్రినీ సమానంగా సహజ సంరక్షకులను చేయమంది. 2022 ఆగస్టులో మీ పార్లమెంటు స్థాయీ సంఘం సంరక్షణ, దత్తత చట్టాలను పరిశీలించి దాదాపు అదే చెప్పింది. మీ సంఘం, మీ సంతకాలు. ఆ నివేదికలు లైబ్రరీలో ఉన్నాయి. మా పాప ఒకటో తరగతి, రెండో తరగతి, ఇప్పుడు మూడో తరగతి.

అమెరికాలో ఉన్న మన తెలుగువాళ్ళది మరో తంటా. వేసవి సెలవులకని బిడ్డను విజయవాడకో హైదరాబాదుకో తీసుకొస్తారు, తిరుగు టికెట్ తేదీ దాటిపోతుంది. పిల్లలను దేశం దాటించడం మీద 1980 నాటి హేగ్ ఒప్పందం ఉంది, భారత్ అందులో చేరలేదు. చేరమని లా కమిషన్ 2009లోనే సలహా ఇచ్చింది. హింస భరించలేక పుట్టింటికి వచ్చిన తల్లులను ఆ ఒప్పందం వెనక్కి నెట్టేస్తుందన్న భయమూ కొట్టిపారేసేది కాదు. ఒప్పందంలో చేరకపోతే చేరకపోయారు, మన సొంత చట్టమైనా ఒకటి చేయాలి కదా.

మీరు చేయగలిగింది పెద్ద పనేం కాదు. 26వ సెక్షన్‌లోని ఆ 60 రోజుల షరతులో "పోషణ, చదువు" పక్కన, బిడ్డను కలిసే మధ్యంతర అర్జీని కూడా చేర్చండి. ఒక్క పంక్తి. గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టంలోనూ అదే పంక్తి రాస్తే అన్ని మతాల పిల్లలకూ వర్తిస్తుంది. ఆ తర్వాత నా అసలు కోరిక: రాని శనివారం బాకీగా నిలవాలి. కలవాల్సిన రోజు తప్పితే, కొత్త అర్జీ లేకుండా, అదే ఆర్డర్ కింద, నెల లోపల మరో రోజు ఇవ్వాలి. జ్వరమైతే డాక్టర్ చీటీ ముందురోజే పంపాలి, కనీసం ఒక మెసేజ్ పెట్టాలి. వరసగా మూడుసార్లు కారణం లేకుండా తప్పితే బిడ్డ కోసం వచ్చినవాళ్ళ బస్సు ఖర్చులైనా కట్టించాలి. జైలు వద్దు. పాప వాళ్ళమ్మను జైలుకు పంపించి పాపను కలిసేవాడు తండ్రి ఎలా అవుతాడు?

పండగలు, సెలవులు ఆర్డర్లో ముందే పంచి రాయాలి, నా తర్వాత వచ్చే వాళ్ళకైనా. బతుకమ్మకు మా ఊళ్ళో ఇప్పటికీ తంగేడు పూలకు గుట్ట ఎక్కుతాం. మా అమ్మ ప్రతి ఏడూ రెండు బతుకమ్మలు పేరుస్తుంది, పెద్దది తనది, చిన్నది పాపది. ఆ చిన్నది ఎవరో ఒక పక్కింటి పిల్ల చేతికి ఇచ్చి పంపుతుంది. ఇది సాక్ష్యంగా ఎక్కడ మార్క్ చేయించాలో మా లాయరుగారికి తెలియలేదు.

కొంత పని మీ దాకా రాకుండానే జరగొచ్చు. ఫ్యామిలీ కోర్టుల చట్టం 21వ సెక్షన్ కింద నియమాలు చేసే అధికారం హైకోర్టులకు ఉంది. బొంబాయి హైకోర్టు పరిధిలో పిల్లల్ని కలవడం, కస్టడీల మీద మార్గదర్శకాలు, తల్లిదండ్రులు ఇద్దరూ కూర్చుని నింపే పేరెంటింగ్ ప్లాన్ నమూనా అమల్లోకి తెచ్చారు. అందులో బడి, వైద్యం, పండగలు, ఫోన్ కాల్స్, తాతయ్యలు, నాయనమ్మలు, అన్నీ వస్తాయి. అలాంటి నమూనానే అమరావతిలోనూ హైదరాబాదులోనూ ప్రతి కేసులో మొదటి వాయిదా నాడే చేతికివ్వాలని మీరు మన రెండు హైకోర్టులకూ లేఖ రాయవచ్చు. ప్రజాప్రతినిధి లేఖకు ఎంతో కొంత బరువు ఉంటుంది, నా లేఖకు స్టాంపు బరువే.

లోక్‌సభలో శుక్రవారం చివరి రెండున్నర గంటలు ప్రైవేటు మెంబర్ల బిల్లులకు కేటాయిస్తారని సివిక్స్ పాఠంలో మేం పిల్లలకు చెబుతాం. ప్రైవేటు మెంబరు బిల్లు నెగ్గడం అరుదని కూడా చెబుతాం. నెగ్గకపోయినా ఫరవాలేదు, ఆ పంక్తి ఒకసారి సభలో చదవండి. మంత్రిగారు లేచి ఏదో ఒక జవాబు చెప్పాలి కదా, ఆ జవాబు రికార్డులో ఉంటుంది. అది జిరాక్స్ తీసి మా లాయరుగారికి ఇస్తాను.

మీలో ఎవరికైనా నా డైరీ నకలు కావాలంటే పంపిస్తాను. 53 తేదీలు, వాటి పక్కన కారణాలు, బస్సు టికెట్లు అంటించి ఉన్నాయి. పాప వచ్చిన రోజుల దగ్గర కాలి కొలత కూడా రాసుకుంటున్నాను. ఇప్పుడు 18 సెంటీమీటర్లన్నర.

ఇట్లు,
ఒక లెక్కల టీచర్,
ఖమ్మం జిల్లా.